బస్సులో, బెర్తు మీద బాణీ కట్టేవాళ్లకు: ప్రయాణపు మిడి కీబోర్డు ఎంచుకోవడం ఎలా?

బెంగళూరులో ఉద్యోగం, ఊళ్లో ఇల్లు, మధ్యలో సంగీతం పిచ్చి. ఇలా బతికేవాళ్లకు వారంలో కాస్త ఖాళీ దొరికేది చాలాసార్లు ప్రయాణంలోనే: విజయవాడ మీదుగా కాకినాడ వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లోనో, తిరుపతి బస్సులోనో. లేదంటే మారతహళ్లి పీజీలో రూమ్మేట్ పడుకున్నాక. బ్యాగులో పట్టే చిన్న కీబోర్డు కొందామని ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెడితే ఎక్కడ చూసినా తట్టే ప్యాడ్లెన్ని, తిప్పే నాబ్‌లెన్ని, ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఎంత అన్న లెక్కలే. బీట్లు చేసుకునేవాళ్లకు ఆ లెక్కలు చాలు. మన పాటలు, మన రాగాలు వాయించేవాళ్లు మాత్రం ముందు చూడాల్సింది స్వరాన్ని వంచడానికి ఆ కీబోర్డు మీద ఏం పెట్టారన్నది. అక్కడికి వచ్చేలోపు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, వరసగా చూద్దాం.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. మిడి కంట్రోలర్‌లో సౌండు ఉండదు. ఏ కీ నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్నది 0 నుంచి 127 వరకు అంకెలుగా మార్చి ఫోనుకో ల్యాప్‌టాప్‌కో పంపడమే దాని పని. 1983లో వచ్చిన ఈ మిడి పద్ధతే ఇవాళ్టికీ నడుస్తోంది. వీణ మోగినా, పియానో మోగినా అది ఫోనులోని ఆప్ చేసే పని. అందుకే ఇవి అంత పలచగా, తేలిగ్గా ఉండగలుగుతున్నాయి.

1. ఎక్కడ కూర్చుని వాయిస్తారు?

సరదాకి అడిగిన ప్రశ్న కాదిది. సగం మోడళ్లు ఇక్కడే ఎగిరిపోతాయి.

విమానంలో సీటు ముందు దిగే ట్రే మీద ల్యాప్‌టాప్, కీబోర్డు రెండూ పట్టవు. ల్యాప్‌టాప్ ట్రే మీద, కీబోర్డు ఒడిలో, లేదా ఫోను ట్రే మీద పెట్టుకుని కీబోర్డు దాని ముందు. అంతకుమించి దారి లేదు. రైల్లో సైడ్ లోయర్ దొరికితే రాజభోగమే, రెండు కాళ్లూ చాపి ఒడిలో పెట్టుకోవచ్చు. అప్పర్ బెర్తులో నిటారుగా కూర్చోవడమే కష్టం. ఇక స్లీపర్ బస్సు సంగతంటారా, ఘాట్ రోడ్డు మీద లైవ్‌గా వాయించి రికార్డు చేద్దామన్న ఆశ వదులుకోండి. కుదుపుకో కీ పడుతుంది, ఒకటి మెల్లగా, ఒకటి ధడేలుమని. బస్సులో అయితే నోటు తర్వాత నోటు ఆపి ఆపి ఎక్కించే స్టెప్ ఎంట్రీయే నయం.

ఒడిలో పెట్టుకునేదైతే బరువు చూడాలి. కోర్గ్ నానోకీ2 బరువు 244 గ్రాములు, మందం 16 మిల్లీమీటర్లు. అకాయ్ ఎంపీకే మినీ ఎంకే3 ముప్పావు కిలో. ఆర్టూరియా మినీల్యాబ్ 3 కిలోన్నర. దేశీయ విమానాల్లో క్యాబిన్ బ్యాగుకు మామూలుగా ఇచ్చేది 7 కిలోలే. ఆఫీసు ల్యాప్‌టాప్, దాని ఛార్జర్, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసాలు పోను మిగిలేదెంతో మీరే లెక్కేసుకోండి. (పచ్చడిని క్యాబిన్‌లోకి ఎలాగూ రానివ్వరు, అది చెకిన్‌లో పడేయండి.)

2. సౌండు దేన్నుంచి వస్తుంది?

ల్యాప్‌టాప్ అయితే తలనొప్పి తక్కువ. ఏ కీబోర్డైనా గుచ్చితే పని చేస్తుంది. కీబోర్డుతో ఉచితంగా వచ్చే ఏబుల్టన్ లైవ్ లైట్, అనలాగ్ ల్యాబ్ ఇంట్రో, ఎంపీసీ బీట్స్ లాంటి మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లన్నీ ల్యాప్‌టాప్‌కే. ఫోనుతో వాయించేవాళ్లకు వాటివల్ల పైసా ఉపయోగం లేదు కాబట్టి, అవి వస్తున్నాయి కదా అని వెయ్యో రెండువేలో ఎక్కువ పెట్టకండి.

ఫోనుతో వాయిస్తామంటే కాస్త చూసుకోవాలి. కీబోర్డు "క్లాస్ కంప్లయంట్" అయ్యుండాలి, అంటే ఏ డ్రైవరూ ఎక్కించకుండానే పని చేయాలి. ఐఫోన్ 15 నుంచి టైప్-సి పోర్టు వచ్చింది కాబట్టి మామూలు కేబుల్ చాలు. అంతకుముందు ఐఫోన్లకు ఆపిల్ అమ్మే లైట్నింగ్ కెమెరా అడాప్టర్ కావాలి. అందులోనూ ఛార్జింగ్ పోర్టు ఉన్నదే తీసుకోండి. లైట్లు బాగా వెలిగే కీబోర్డు గుచ్చితే, ఇది ఎక్కువ కరెంటు లాగుతోందని ఐఫోన్ మొహం మీదే చెప్పి ఆపేస్తుంది. పక్కనుంచి పవర్‌బ్యాంకు ఇస్తేనే దారికొస్తుంది.

ఆండ్రాయిడ్‌లో మిడికి సొంత ఏర్పాటు 6.0 వెర్షన్‌తో వచ్చింది కాబట్టి ఇప్పటి ఫోన్లు దాదాపు అన్నీ కీబోర్డును గుర్తుపడతాయి. చిక్కంతా ఆలస్యంతోనే. కీ నొక్కాక సౌండు వినిపించడానికి పట్టే సమయం ఫోను ఫోనుకూ మారుతుంది. ఆప్ సెట్టింగుల్లో బఫర్ (సౌండును వదిలేముందు కాస్త కూడబెట్టుకునే చోటు) అని ఒకటి ఉంటుంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ పెడితే దాదాపు 3 మిల్లీ సెకన్లు, 256 పెడితే 6, 512 పెడితే 12 ఆలస్యం. దానికి ఫోను తన వంతు కలుపుతుంది. అంతా కలిపి 20 లోపు ఉంటే వేళ్లకు ఇబ్బంది తెలియదు. 40 దాటితే తాళం జారుతుంది, తప్పు మనదేనేమో అనిపిస్తుంది.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో ఈ లెక్కలన్నీ గాలికి పోతాయి. వాటి ఆలస్యం వంద మిల్లీ సెకన్ల పైమాటే. వైరున్న ఇయర్‌ఫోన్ తప్పదు. ఫోనుకు 3.5 ఎంఎం జాక్ లేకపోతే టైప్-సి హబ్ ఒకటి కావాలి, దాని సంగతి తర్వాత.

ఇయర్‌ఫోన్ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. రైల్లో ఎదురు బెర్తు పెద్దాయన ఎవరో ఒకరు అడగక మానరు: "ఏం బాబూ, ఆ క్యాసియో మోగట్లేదేంటి, బ్యాటరీ అయిపోయిందా?" "లేదు బాబాయి గారూ, చెవుల్లో మోగుతోందండీ" అంటే ఆయనకూ వినాలనే ఉంటుంది. ఒక జాక్‌ను రెండు చేసే స్ప్లిటర్ దగ్గరుంటే ప్రయాణం హాయిగా సాగుతుంది. స్పీకర్ మాత్రం పెట్టకండి, రాత్రి 10 దాటాక అసలే వద్దు.

బ్లూటూత్ కీబోర్డులూ ఉన్నాయి. కోర్గ్ మైక్రోకీ ఎయిర్ రెండు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. వైరు మీద కన్నా ఆలస్యం కొంచెం ఎక్కువే అయినా నెమ్మది పాటలకు పట్టింపు ఉండదు. ఐఫోన్‌లో దీన్ని సెట్టింగ్స్ బ్లూటూత్ పేజీలోంచి కలపబోతే కుదరదు. మ్యూజిక్ ఆప్ లోపలున్న బ్లూటూత్ మిడి మెనూలోంచే కలపాలి. ఇది తెలియక కీబోర్డు పాడైందనుకుని వాపసు పంపేవాళ్లున్నారు.

3. కీలు ఎన్ని, ఎంత పెద్దవి?

పియానో తెల్ల కీ వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు. మినీ కీలు దానికన్నా సన్నవి, పొట్టివి. సన్నగా ఉండటం రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది, పొట్టిగా ఉండటమే ఇబ్బంది. నల్ల కీల మధ్యలోకి వేలు పోయినప్పుడు తెల్ల కీని దాని మొదట్లో, ఇరుసు దగ్గర నొక్కాల్సి వస్తుంది. అక్కడ కీ గట్టిగా ఉంటుంది, నోటు బలహీనంగా పలుకుతుంది. కార్డులు (కలిపి ఒకేసారి నొక్కే స్వరాలు) పట్టేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. పూర్తి సైజు కీలే కావాలి, పలచగానూ ఉండాలంటే సీఎంఈ ఎక్స్‌కీ 25 ఒకటుంది: అల్యూమినియం ఒళ్లు, 600 గ్రాముల బరువు. కానీ దాని కీలు లోపలికి దిగేది చాలా కొద్దిగా. ఇష్టపడేవాళ్లు బాగా ఇష్టపడతారు, మిగతావాళ్లకు బల్ల మీద వేళ్లు కొడుతున్నట్టుంటుంది.

ఎన్ని కీలంటే, ప్రయాణానికి 25 చాలు. ఎడమచెయ్యి ఎలాగూ కీల మీద ఉండదు, ఎందుకో కింద చెబుతాను. పాడేవాళ్ల శ్రుతికి తగ్గట్టు మార్చుకోవడానికి ఆక్టేవ్ (స్థాయి), ట్రాన్స్‌పోజ్ (శ్రుతి) మార్చే బటన్లు ఉన్నాయా చూడండి. ఒకటి శ్రుతి సి అయితే ఐదున్నర శ్రుతి జి షార్ప్. అంటే సి నే షడ్జమంగా ఉంచుకుని 8 మెట్లు పైకో 4 మెట్లు కిందికో ట్రాన్స్‌పోజ్ చేస్తే వేళ్ల అలవాటు మారకుండానే ఐదున్నర శ్రుతిలో పాడే ఆవిడతో కలిసిపోవచ్చు. స్క్రీన్ లేని కీబోర్డుల్లో ఇప్పుడు ఎంతలో ఉన్నామో కనిపించదు, అందుకే నేను ట్రాన్స్‌పోజ్ ఆప్‌లోనే పెట్టుకుంటాను.

4. స్వరం ఎలా వంగుతుంది?

హంసధ్వని, మోహన లాంటివి ఉత్త కీలతో కొంతవరకు నెట్టుకురావచ్చు. తోడి గాంధారాన్ని మాత్రం కీ నొక్కి అలా వదిలేస్తే అది తోడి అనిపించుకోదు. సినిమా పాటైనా అంతే, గాయకుడు జారుగా పలికిన చోట కీబోర్డు మెట్లు మెట్లుగా పలికితే చెవి ఒప్పుకోదు. కుడిచేత్తో కీ పట్టుకుని ఎడమచేత్తో పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే ఏర్పాటు) కదిలిస్తూ గమకం పలికించాలి. చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ కీబోర్డు మీద కర్ణాటక కచేరీలు చేస్తారు. ఆయన ఎడమచెయ్యిని గమనిస్తే నేను చెప్పేది ఇట్టే అర్థమవుతుంది. 25 కీలు చాలన్నది ఇందుకే.

చిన్న కీబోర్డుల్లో ఈ బెండ్ నాలుగైదు రూపాల్లో వస్తుంది.

చక్రం అన్నిటికన్నా మేలు. బొటనవేలు ఆనించి ఊపితే స్వరాన్ని ఊపే కంపితం సులువుగా వస్తుంది, వదిలేస్తే స్ప్రింగు మధ్యకు తెస్తుంది. ఇబ్బందల్లా, బుల్లి మోడళ్లలో చక్రం అరుదు. మైక్రోకీ ఎయిర్‌లో 25 కీల దానికి జాయ్‌స్టిక్, 37 కీల నుంచి చక్రాలు. ఆ 37 కీలది అర మీటరు దాటుతుంది, బ్యాక్‌ప్యాక్‌లోంచి తల బయటపెడుతుంది. అయినా ప్రయాణంలో గమకాలే ముఖ్యమనుకునేవాళ్లకు నేను చెప్పేది అదే.

టచ్ స్ట్రిప్ మినీల్యాబ్ 3లో, నోవేషన్ లాంచ్‌కీ మినీ ఎంకే3లో ఉంటుంది. వేలు పెట్టిన చోటును బట్టి స్వరం వంగుతుంది, తీస్తే మధ్యకు వస్తుంది. వేలు సరిగ్గా మధ్యలో పెట్టకపోతే స్వరం ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. అందుకే కీ నొక్కకముందే వేలు మధ్యలో ఆనించి ఉంచడం అలవాటు చేసుకోవాలి. కొన్నాళ్లు సాధన చేస్తే స్ట్రిప్ మీద జారు చక్రం కన్నా నున్నగా వస్తుంది.

జాయ్‌స్టిక్ ఎంపీకే మినీలో ఉంటుంది. అడ్డంగా కదిలిస్తే బెండ్, నిలువుగా కదిలిస్తే మాడ్యులేషన్, అంటే స్వరానికి వణుకు లాంటిది చేర్చడం. గమకం ఊపులో పుల్ల కాస్త పైకి జరిగిందా, అడగని వణుకు వచ్చి చేరుతుంది. దీనికి మందుంది: అకాయ్ ఇచ్చే ఎడిటర్ ప్రోగ్రాంలో నిలువు కదలికను ఏ పనీ చేయని నంబరుకు మార్చేయండి.

బటన్లు నానోకీ2లో. నొక్కితే వంగుతుంది, వదిలితే తిరిగొస్తుంది, మధ్యలో మన అదుపేమీ ఉండదు. నోట్లు ఎక్కించుకోవడానికి ఇంత తేలికైనది ఇంకోటి లేదు, రాగం వాయించడానికి ఇంత పనికిరానిదీ లేదు.

కీబోర్డు పద్ధతినే పక్కన పెట్టినవీ ఉన్నాయి. రోలీ సీబోర్డ్ బ్లాక్‌లో కీల బదులు మెత్తటి ఉపరితలం, వేలు పక్కకు జరిపితే స్వరం జరుగుతుంది. వేలికో మిడి ఛానల్ ఇచ్చే ఈ ఎంపీఈ పద్ధతిని 2018లో ప్రమాణంగా ఖాయం చేశారు. మీరు వాడే ఆప్‌కు కూడా అది తెలిసి ఉండాలి. ఐప్యాడ్ ఉంటే అసలు కీబోర్డే కొనక్కర్లేదేమో చూసుకోండి. జియోష్రెడ్ అనే ఆప్‌లో తెర మీద వేలు జరిపి గమకాలు పలికించవచ్చు, మహేశ్ రాఘవన్ కర్ణాటక రాగాలతో పేరు తెచ్చుకున్నది దాంతోనే.

బెండ్ గురించి ఇంకో రెండు మాటలు. ఎంత దూరం వంగాలన్నది కీబోర్డులో ఉండదు, ఆప్‌లోని ఆ సౌండు సెట్టింగులో ఉంటుంది. మామూలుగా అటు రెండు, ఇటు రెండు అరస్వరాలు. కంపితానికి అది చాలు. ఎక్కువ దూరం జార్చాలంటే 12 పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు చెయ్యి వెంట్రుకవాసి కదిలినా స్వరం తప్పుతుంది. ఇక సూక్ష్మత. మిడి బెండ్‌కు 16,384 మెట్లున్నాయి, కాకపోతే కొన్ని చవక కీబోర్డులు 128 మెట్లే పంపుతాయి. అరస్వరాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తే, బెండ్ 2 దగ్గర ఉన్నప్పుడు ఒక్కో మెట్టు 3 సెంట్లు, చెవికి తెలియదు. అదే 12 దగ్గర ఒక్కో మెట్టు దాదాపు 19 సెంట్లు, జారు కాస్తా గరగరమంటుంది. ఫోనులో మిడి మానిటర్ ఆప్ ఒకటి వేసుకుని బెండ్ మెల్లగా కదిలించండి. అంకెలు 128 చొప్పున దూకుతుంటే అది 128 మెట్లే పంపే రకం.

5. ప్యాడ్లు, నాబ్‌లు, పెడల్

డప్పు, తీన్మార్ దరువులు కట్టేవాళ్లకు ప్యాడ్లు బాగా పనికొస్తాయి. ఎంపీకే మినీలో 8, లాంచ్‌కీ మినీలో 16. మిగతావాళ్లకు అవి బ్యాగులో బరువే. నాబ్‌లు ఆగకుండా గుండ్రంగా తిరిగే రకమైతే మంచిది. స్వరాన్ని నిలబెట్టే సస్టెయిన్ పెడల్ జాక్ ఇంట్లో వాడుకోవడానికే, బెర్తు మీద పెడల్ ఎక్కడ తొక్కుతారు?

6. షాపులో పది నిమిషాలు

ఆన్‌లైన్‌లో కొన్నా ముందు ఒకసారి చేత్తో ముట్టుకుని చూడండి. బెంగళూరులో ఫుర్టాడోస్ లాంటి వాయిద్యాల షాపుల్లో కొన్ని మోడళ్లు బయటే పెడతారు. మీ ఫోను, మీ కేబుల్, మీ వైరు ఇయర్‌ఫోన్ తీసుకెళ్లండి. వాళ్ల డెమో ల్యాప్‌టాప్‌లో బాగా మోగితే మీకేం తెలిసినట్టు?

ముందు ఒకే కీని వీలైనంత మెల్లగా వరసగా నొక్కండి, ఆప్‌లో వెలాసిటీ (నొక్కిన బలం) అంకె చూస్తూ. 20కీ 35కీ మధ్య తిరుగుతుంటే కీ మీ మాట వింటున్నట్టు. ఒకసారి 10, వెంటనే 70 వస్తుంటే వద్దు. తర్వాత మోహన ఆరోహణం స రి గ ప ద స వాయించండి, మొదట కీల చివర, తర్వాత నల్ల కీల దగ్గరగా. రెండు చోట్లా ఒకే బలం పలకాలి. తర్వాత ప మీద కుడివేలు ఉంచి ఎడమచేత్తో బెండ్ ఊపుతూ, వదిలినప్పుడు స్వరం సరిగ్గా ప దగ్గరికే వస్తోందా వినండి. పాతబడిన జాయ్‌స్టిక్‌లు మధ్యకు రాకుండా ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఈ పరీక్ష అస్సలు వదలకూడదు. చివరగా కేబుల్ గుచ్చి, పోర్టు దగ్గర మెల్లగా అటూ ఇటూ కదపండి. కనెక్షన్ తెగి అతుక్కుంటుంటే ఎంత చవకైనా పక్కన పెట్టేయండి. ప్రయాణంలో తిరిగిన కీబోర్డుల్లో మొదట చచ్చేది ఆ పోర్టే.

7. ఎస్పీ రోడ్డు సామాను

ఎంపీకే మినీ ఎంకే3కి ప్రింటర్ వెనక గుచ్చే చదరపు పోర్టు, నానోకీ2కి పాతకాలపు మినీ యూఎస్‌బీ, మినీల్యాబ్ 3కి టైప్-సి. కేబుల్ ఇంట్లో మర్చిపోతే ఊళ్లో దొరికేది టైప్-సి ఒక్కటే, కాబట్టి మిగతా రెండు రకాలవాళ్లు ఇంకో కేబుల్ బ్యాగులోనే పడేసి ఉంచాలి. ఎల్ ఆకారంలో వంగిన పిన్నుదైతే ఒడిలో పెట్టుకున్నప్పుడు పోర్టు మీద బరువు పడదు.

వీటన్నిటికీ బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డే దారి. ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి, శనివారం పొద్దున్నే వెళ్లండి. హబ్ అడిగేటప్పుడు "టైప్-సి హబ్" అని ఊరుకుంటే హెచ్‌డీఎంఐ ఉన్న ఖరీదైనది చేతిలో పెడతారు. మీకు కావాల్సింది మూడు రంధ్రాలది: కీబోర్డుకు ఒక యూఎస్‌బీ, ఇయర్‌ఫోన్‌కు 3.5 జాక్, ఛార్జింగుకు పవర్ డెలివరీ ఉన్న టైప్-సి. మూడూ ఒకేసారి పని చేస్తున్నాయో లేదో అక్కడే, కౌంటర్ ముందే గుచ్చి చూసుకోండి. ఛార్జర్ పెట్టగానే కీబోర్డు ఊడిపోయే హబ్‌లు బోలెడు.

పవర్‌బ్యాంకు 20,000 ఎంఏహెచ్‌ది అయితే 74 వాట్ అవర్లు. విమానాల్లో 100 లోపు అనుమతి ఉంది, అదీ క్యాబిన్ బ్యాగులోనే, చెకిన్‌లో వేయకూడదు. రైల్లో ప్లగ్ ఉంది కదా అనుకోకండి, రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా వాటికి కరెంటు ఆపేస్తుంటారు. మీరు వాయించుకునే వేళ అదే.

బ్యాగులో పెట్టేటప్పుడు నాబ్‌లు, జాయ్‌స్టిక్ ల్యాప్‌టాప్ వైపు కాకుండా బట్టల వైపు తిప్పి పెట్టండి. ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో ట్రేలో విడిగా పెడితే బ్యాగంతా విప్పించరు.

8. బయల్దేరే ముందు రోజు

ఫోనునో ల్యాప్‌టాప్‌నో ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి, మీ ప్రాజెక్టు తెరవండి. లాగిన్ అడిగే ప్లగిన్లు, ఇంకా డౌన్‌లోడ్ కాని సౌండు ప్యాకులు అప్పుడే బయటపడతాయి. నల్లమల దారిలో సిగ్నల్ పోయాక అవి అడిగితే చేసేదేమీ లేదు. ల్యాప్‌టాప్ మీద సర్జ్ ఎక్స్‌టీ అనే సింథసైజర్, ఐఫోన్ మీద గరాజ్‌బ్యాండ్ ఆప్ ఉచితంగా దొరుకుతాయి, ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే మోగుతాయి. గరాజ్‌బ్యాండ్‌లో కావాల్సిన వాయిద్యాల ప్యాకులు విడిగా దించుకోవాలి. ఆ పని ఇంటి వైఫై మీదే పూర్తి చేసుకోండి.